అప్పుకు కుదువబెట్టబడిన బాలుడు: ఇక్బాల్ మసీహ్ జీవితము

పఠనభాగములు: 2 రాజులు 4:1–7, నెహెమ్యా 5:1–13



ఎలీషా ప్రవక్త యొద్దకు వచ్చిన విధవరాలి సంగతి మన ఆదివారపు బడి పిల్లలు సహితము ఎరుగుదురు. నూనె ఎట్లు పెరిగెనో మనము బాగుగ జ్ఞాపకముంచుకొందుము. ఆమె ఎందుకు ఏడ్చుచు వచ్చెనో మాత్రము తరచుగా మరచిపోవుదుము. ఆమె పెనిమిటి అప్పు మిగిల్చి చనిపోయెను. సొమ్మిచ్చినవాడు ఆ సొమ్ముకు బదులు ఆమె కొడుకులిద్దరిని పనికి పట్టుకొనిపోజూచెను. ప్రవక్త మాట చొప్పున నూనె అమ్మి ఆమె అప్పు తీర్చెను, పిల్లలు ఇంట నిలిచిరి.

ఈ నెల మనము తలంచుకొను బాలుని ఇంట అట్టి నూనెకుండ లేదు. అప్పిచ్చినవాడు వచ్చినప్పుడు అతడు వెళ్ళవలసివచ్చెను. అప్పటికి వానికి నాలుగేండ్లు.

పాకిస్తాను దేశపు పంజాబులో, లాహోరు నగరమునకు ఉత్తరముగా మురీద్కే అను ఊరు గలదు. ఆ ఊరిలో 1983వ సంవత్సరమున, మిక్కిలి బీదదైన ఒక క్రైస్తవ కుటుంబమున ఇక్బాల్ జన్మించెను. మసీహ్ అనగా క్రీస్తు. పంజాబు క్రైస్తవులలో అనేకులు ఈ మాటను తమ పేరు చివర పెట్టుకొందురు గనుక అది వారికి ఇంటిపేరు వంటిది. ఆ సంఘముల పుట్టుక మన సంఘముల పుట్టుకకు ఎంతయో దగ్గరగా నున్నది. మన ఒంగోలు ప్రాంతమున 1878 జూలై 3వ తేదీని ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. దానికి అయిదేండ్లు ముందుగా, అనగా 1873లో, పంజాబులోని సియాల్‌కోటలో దిత్ అను పేరుగల, తోళ్ళు కొని అమ్ముకొను ఒక బీద కుంటివాడు బాప్తిస్మము పొంది తన ఊరికి తిరిగిపోయి తన వారికి సువార్త చెప్పెను. ఊరి వెలుపల నుంచబడినవారు వేలకొలది అతని వెనుక వచ్చిరి. వారిలో అనేకులకు సొంత భూమి లేదు. ఇతరుల పొలములలోను, ఇటుక బట్టీలలోను, మగ్గముల యొద్దను బ్రదుకవలసినవారు. ఇక్బాల్ అట్టివారి బిడ్డ.

అతని ఇంటివారు ఊరిలోని తివాచీల యజమాని యొద్ద 600 రూపాయలు అప్పు తెచ్చిరి. అన్న పెండ్లి ఖర్చులకని అతని కథ వ్రాసినవారిలో చాలమంది చెప్పుదురు. పత్రమా, తాకట్టా, ఏమియు లేదు. తాకట్టు ఆ బాలుడే. అప్పు తీరువరకు అతడు మగ్గము మీద పనిచేయవలెను. ఆ దేశమున ఇట్టి ముందు సొమ్మును పేష్గీ అందురు. మనకు ఈ పేరు క్రొత్తయేమో గాని సంగతి క్రొత్త కాదు. మన పల్లెలలో పిల్లవానిని దొర ఇంట జీతమునకు పెట్టుట మన తాతలు ఎరిగినదే. అడ్వాన్సు తీసికొని కుటుంబముతో ఇటుక బట్టీకి పోవువారు మన రాష్ట్రములలో నేటికిని గలరు.

ఆ తలిదండ్రులను నిందించుటకు మనలో కొందరు తొందరపడవచ్చును. నేనును మొదట అట్లే తలంచితిని. అయితే బ్యాంకు వారికి అప్పు ఇయ్యదు, బంధువులు తమవంటి బీదవారే, పెండ్లి ఆగదు. ఊరిలో సొమ్ముగలవాడు ఒక్కడే, వాడు అడుగునది ఒక్కటే. అందరు చేయునట్లు వారును చేసిరి. అందరును చేయుచున్న దానిలో పాపము కనుగొనుట కష్టము.

ఇప్పుడు తివాచీ పని ఎట్టిదో కొంచెము చెప్పవలెను. మన ఏలూరు ఉన్ని తివాచీలకు, వరంగల్లు జంపఖానాలకు పేరు గన్నవి గనుక మనలో కొందరు ఆ పని చూచియుందురు. జంపఖానాను పడుగు పేకలతో నేయుదురు. ఉన్ని తివాచీ అట్లు కాదు. నిలువు మగ్గమునకు నూలు పడుగు బిగించి, ఒక్కొక్క జత దారములకు రంగు ఉన్ని పోగును చేతితో ముడివేసి, కత్తితో కోసి, వరుస నిండిన తరువాత పేక దారము త్రోసి, ఇనుప దువ్వెనతో దట్టించి కొట్టుదురు. ప్రతి ముడియు చేతితోనే. ఆరు అడుగుల వెడల్పు, తొమ్మిది అడుగుల పొడవుగల తివాచీని తీసికొనుడి. చదరపు అంగుళమునకు 200 ముడులు వేసినయెడల మొత్తము 15,55,200 ముడులగును. చేయి తిరిగిన పనివాడు దినమునకు సుమారు 8,000 ముడులు వేయునని అనుకొన్నను, ఆ ఒక్క తివాచీ ఒక మనిషి యొక్క 194 దినముల జీవితమును మ్రింగును.

ఇక్బాల్ తెల్లవారక మునుపు లేచి అట్టి పనికి పోవుచుండెను. దినమునకు 14 గంటలు, వారమునకు ఆరు దినములు. ఉన్నికి పురుగు పట్టకుండునట్లు కిటికీలు మూసియుంచెడివారు గనుక లోపల వేడిమియు, ఉన్ని నూగును నిండియుండెడివి. పిల్లలు బల్లమీద గొంతుకూర్చుండి పనిచేసెడివారు. మాటలాడిన దెబ్బలు, కునికిన దెబ్బలు. పారిపోకుండ సంకెళ్ళు వేయుటయు కలదు. ఎదిగే వయస్సున వంగి కూర్చున్నందునను, కడుపునిండ తిండి లేనందునను అతడు ఎదుగలేదు. పన్నెండేండ్ల ప్రాయమున సహితము నాలుగు అడుగుల ఎత్తు లేడు.

దయచేసి ఒక లెక్క నాతో కూడ చేయుడి. అతని కూలి దినమునకు ఒక రూపాయి అని చెప్పబడినది. అప్పు 600 రూపాయలు. ఏడాదికి 300 దినములు పనిచేసినను రెండేండ్లలో ఆ అప్పు తీరిపోవలెను. అతడు ఇంచుమించు ఆరేండ్లు పనిచేసెను. ఆరేండ్ల తరువాత అప్పు ఎంత? 13,000 రూపాయలు. ఇది ఎట్లగును? పని నేర్చుకొన్న కాలమునకు కూలి లేదు. తిన్న తిండి అప్పులో వ్రాసిరి. తప్పు ముడి వేసినందుకు జరిమానా వ్రాసిరి. వడ్డీ వ్రాసిరి. ఇంటివారు అక్కరలో మరల తెచ్చిన చిల్లర సొమ్ము వ్రాసిరి. వ్రాయువాడు యజమాని, లెక్క చదువరానివాడు పనివాడు. కాళ్ళకు వేసిన గొలుసుకంటె ఈ లెక్కపుస్తకమే గట్టి గొలుసు.

ఈ లెక్క పెద్దలను కూడ కట్టివేసినది. రూపాయికి పిల్లవాడు దొరకినప్పుడు, ఇల్లు గడుచునంత కూలి అడిగిన పెద్ద నేతగానిని ఎవరు పిలుతురు? తండ్రికి పని లేక, లేదా చాలిన కూలి లేక కొడుకును పంపును. కొడుకు వచ్చినందున తండ్రి కూలి ఇంకను తగ్గును. సన్నని ముడులకు చిన్న వ్రేళ్ళే కావలెనని వర్తకులు చాలకాలము చెప్పుచు వచ్చిరి. అది నిజము కాదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ కొరకు 1990 తరువాతి సంవత్సరములలో మన దేశపు తివాచీ మగ్గములను పరిశీలించినవారు, మిక్కిలి సన్నని పనిని పెద్దవారు పిల్లలతో సమానముగా చేయగలరని కనుగొనిరి. కావలసినది చిన్న వ్రేళ్ళు కాదు, తక్కువ కూలి.

పదవ ఏట ఇక్బాల్ పారిపోయెను. తనను కొట్టుచున్నారని చెప్పుకొనుటకు పోలీసుల యొద్దకే పోయెను. వారు అతనిని తిరిగి యజమానికి అప్పగించిరి. తరువాతి దినములు ఎట్లుండెనో వ్రాయనక్కరలేదు.

అయితే అప్పటికే ఆ దేశమున ఒక మార్పు మొదలైయుండెను. అది ఎక్కడ మొదలైనదో వినుడి. 1988లో దర్శన్ మసీహ్ అను ఒక ఇటుక బట్టీ కూలివాడు, అతనును మనవంటి క్రైస్తవుడే, తనతోకూడ కట్టుబడి పని చేయుచున్న వారిని విడిపించుమని పాకిస్తాను సుప్రీము కోర్టు ప్రధాన న్యాయాధిపతికి ఒక టెలిగ్రాము పంపెను. వకీలు లేడు, అర్జీ లేదు. న్యాయస్థానము ఆ టెలిగ్రామునే అర్జీగా తీసికొని విచారించెను. దాని ఫలముగా పేష్గీ మీద కట్టుబాట్లు కలిగెను. 1992లో వెట్టిచాకిరి నిర్మూలన చట్టము వచ్చి అట్టి అప్పులన్నిటిని కొట్టివేసెను. మన దేశమున ఇట్టి చట్టము 1976 నుండియే కలదు. చట్టము పుస్తకములో నుండుట ఒకటి, మగ్గము యొద్ద కూర్చున్న పిల్లవాని చెవిని పడుట వేరొకటి.

ఆ మాట ఇక్బాల్ చెవిని పడినది ఒక సభలో. ఎహ్సానుల్లా ఖాన్ అను ఆయన నడుపుచున్న వెట్టిచాకిరి విముక్తి సంఘమువారు బట్టీ కూలీలకును మగ్గపు పిల్లలకును చట్టము తెలుపుటకు సభలు చేయుచుండిరి. ఇక్బాల్ పనిలోనుండి జారుకొని ఆ సభకు పోయెను. ఒక మూల కూర్చున్న ఆ బక్క పిల్లవానిని పిలిచి మాటలాడుమనిరి. తన పేరు, తన పని, తన అప్పు ఎంతయో అతడు చెప్పెను. అప్పు లేదని, చట్టము దానిని తీసివేసినదని అచ్చటనే వినెను. ఇక మగ్గము యొద్దకు పోనని పట్టుపట్టి, సంఘమువారి సహాయమున విడుదల పత్రము సంపాదించుకొనెను.

విడుదల పొందినవాడు లాహోరులో ఆ సంఘమువారు నడుపు బడిలో చేరెను. నాలుగేండ్ల చదువు రెండేండ్లలో ముగించెను. వకీలు కావలెనని అతని కోరిక. అయితే అతడు బడిలో మాత్రమే యుండలేదు. మగ్గముల శాలలకు పోయి అచ్చటి పిల్లలతో మాటలాడి, వారి స్థితి తెలిసికొని వచ్చెడివాడు. పెద్దవారిని గుమ్మము యొద్దనే ఆపుదురు గాని, అతనివంటి చిన్నవానిని ఎవరు అనుమానింతురు? సభలలో మాటలాడెడివాడు. అతని మాట విని, ఆ సంఘమువారి పని వలన మూడు వేలకు పైగా పిల్లలు మగ్గములను విడిచిరని చెప్పబడినది. బెదిరింపులును రాసాగెను.

1994లో అతనిని స్వీడన్ దేశమునకును, తరువాత అమెరికాకును పిలిచిరి. ఆ సంవత్సరము డిసెంబరు నెలలో బోస్టన్ నగరమున, బూట్లు చేయు రీబాక్ కంపెనీవారు మానవ హక్కుల కొరకు ఇచ్చు బహుమానమును అతనికిచ్చిరి. ఎదుగక మిగిలిన ఆ బాలుడు వేదికమీద ఒక చేతను తివాచీ పనిముట్టును, మరియొక చేతను కలమును పట్టి చూపెను. మొదటిది పిల్లల చేతిలోనుండి తీసివేసి రెండవది పెట్టవలెనని అతని మనవి. బ్రాండైస్ విశ్వవిద్యాలయమువారు, అతడు పెద్దవాడై చదువుకు సిద్ధమైనప్పుడు ఉచితముగా చదివింతుమని మాట ఇచ్చిరి. డిసెంబరు 2వ తేదీని బోస్టన్ ప్రక్కనున్న క్విన్సీ అను ఊరిలో ఒక బడికి పోయి అతడు తన యీడు పిల్లలతో మాటలాడెను. ఆ పిల్లల సంగతి మరల చెప్పెదను.

స్వదేశమునకు తిరిగి వచ్చిన తరువాత అతడు నాలుగు నెలలకు మించి బ్రదుకలేదు. 1995 ఏప్రిల్ 16వ తేదీ ఈస్టరు ఆదివారము. పండుగకు తన వారిని చూడ మురీద్కే ప్రాంతమునకు వచ్చెను. సాయంకాలము దాటిన తరువాత, పొలమునకు నీరు కట్టుచున్న బంధువునకు అన్నము పట్టుకొని, తనవంటి ఇద్దరు పిల్లలతో కలిసి సైకిలు మీద పోవుచుండగా త్రోవలో తుపాకి దెబ్బ తగిలి మరణించెను. అప్పటికి పన్నెండేండ్లు.

ఎవరు చంపిరి? ఎందుకు చంపిరి? తివాచీ యజమానులే చంపించిరని ఎహ్సానుల్లా ఖాన్ చెప్పెను, లోకమంతటను అనేకులు ఆ మాట నమ్మిరి. పోలీసులు ఆ ఊరి కూలివానినొకని పట్టుకొనిరి. ఆ దేశపు మానవ హక్కుల సంఘమువారు విచారణ చేసి, యజమానుల చేయి ఉన్నట్లు సాక్ష్యము దొరకలేదని చెప్పిరి. మనము ఆ రాత్రి అచ్చట లేము. రుజువు కానిదానిని రుజువైనట్లు చెప్పి హతసాక్షి కథగా అల్లుట మనకు తగదు. అతని జీవితము గొప్పది కావుటకు ఆ కథ అక్కరలేదు కూడ. ఆరేండ్లు అతనిని మగ్గమునకు కట్టినవారెవరో అందరికి తెలిసినదే. యజమాని, అతనిని తిరిగి అప్పగించిన పోలీసులు, చూచి ఊరకున్న ఊరు, తక్కువ ధరకు దొరికినదని సంతోషించి కొన్న దూరదేశపు గృహస్థుడు.

అతని మరణవార్త విని పరదేశపు కొనుగోలుదారులు కొందరు పాకిస్తాను తివాచీలు వద్దనిరి. ఆ దేశపు ప్రభుత్వమునకు కోపము వచ్చి ఎహ్సానుల్లా ఖాన్ మీద రాజద్రోహ నేరము మోపెను. ఆయన అప్పుడు పరదేశమున నుండెను, అచ్చటనే ఉండిపోయెను. వద్దనుట సులభము. వద్దన్నంతమాత్రమున నేతగాని ఇంట పొయ్యి వెలుగదు. మేలైన త్రోవ మరియొకటి అప్పటికే మన దేశమున మొదలైయుండెను. ఉత్తర ప్రదేశములోని మీర్జాపూరు, భదోహి ప్రాంతములలో మగ్గములకు కట్టబడిన పిల్లలను విడిపించుచున్న కైలాష్ సత్యార్థి గారు మరికొందరితో కలిసి 1994లో రగ్‌మార్క్ అను గుర్తును స్థాపించిరి. ఈ గుర్తు కోరిన వర్తకుడు తన మగ్గములన్నిటి జాబితా ఇయ్యవలెను, పదునాలుగేండ్ల లోపు పిల్లలను పనికి పెట్టరాదు, పెద్దవారికి తగిన కూలి ఇయ్యవలెను. తనిఖీ చేయువారు చెప్పకుండ వత్తురు. ప్రతి తివాచీ వెనుక ఒక అంకె గల చీటి కుట్టబడును. ఆ అంకెను బట్టి అది ఏ మగ్గము మీద నేయబడినదో కనుగొనవచ్చును. కొనువారును అమ్మువారును ఇచ్చు రుసుములో కొంత విడుదలైన పిల్లల చదువుకు పోవును. 2009 నుండి దీనిని గుడ్‌వీవ్ అని పిలుచుచున్నారు. సత్యార్థి గారికి 2014లో నోబెల్ శాంతి బహుమానము వచ్చినప్పుడు, ఆస్లో నగరమున చేసిన ప్రసంగమున ఆయన ఇక్బాల్ మసీహ్ పేరు తలంచెను.

నెహెమ్యా దినములలో యూదులు కొడుకులను కుమార్తెలను అప్పుకు కుదువబెట్టిరి. సొమ్మిచ్చినవారు పరులు కారు, తమ సహోదరులే. నెహెమ్యా గొప్ప సమాజము కూర్చి అడుగగా వారికి చెప్పుటకు మాట లేకపోయెను. ఈ అధ్యాయమును మన ఉపవాస కూటములలో చదువుదుము గాని, మన సంఘస్థులలో ఎవరి పిల్లవాడైనను ఎవరి అప్పు క్రింద పనిలో నున్నాడా అని అడుగువారు తక్కువ. అట్టివాడున్నయెడల 1976 చట్టము ప్రకారము ఆ అప్పు చెల్లదు. కలెక్టరు గారికిగాని, ఆ డివిజను అధికారికిగాని అర్జీ పెట్టవచ్చును. విచారించి విడుదల పత్రము ఇయ్యవలసిన బాధ్యత వారిదే. దర్శన్ మసీహ్‌కు టెలిగ్రాము ఖర్చు మాత్రమే అయినది.

క్విన్సీ బడి పిల్లల సంగతి చెప్పెదనంటిని. ఇక్బాల్ చనిపోయెనని విన్నప్పుడు, తాము చూచిన ఆ బాలుని జ్ఞాపకార్థము అతని దేశమున ఒక బడి కట్టవలెనని వారు తలంచి, ఇతర బడుల పిల్లలకును పెద్దలకును ఉత్తరములు వ్రాసిరి. ఒక్కొక్కరిని 12 డాలర్లు మాత్రమే అడిగిరి. అతని ప్రాయము పన్నెండేండ్లు, అతనిని కుదువబెట్టిన సొమ్ము కూడ అమెరికా లెక్కలో పన్నెండు డాలర్లని వారు వినియుండిరి. అట్లు లక్ష డాలర్లకు పైగా వచ్చెను. ఆ సొమ్ముతో లాహోరుకు దక్షిణమున కసూరు అను ఊరిలో, పనిలోనుండి వచ్చిన పిల్లల కొరకు బడి పెట్టబడెను.